మా కాలనీ చైనీస్ హోటల్లో మూడు పూటలు

నల్లగొండలో హైదరాబాద్ రోడ్డు వైపున్న మా కాలనీ మలుపులో, ఇదివరకు టైల్స్ దుకాణం నడిచిన మడిగెలో, మొన్న సంక్రాంతికి పది రోజుల ముందు ఒక చైనీస్ హోటల్ తెరిచారు. పొద్దున నడకకు వెళ్లినప్పుడల్లా మా వీధివాళ్లు "ఎట్లుంది సార్, పోవచ్చునా?" అని అడుగుతున్నారు కాబట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. హోటల్ పేరు మాత్రం రాయను. మొదటి పూట వాళ్లవల్ల జరిగిన పొరపాట్లు రెండు మూడున్నాయి, వాటిలో కొన్నింటిని తర్వాత దిద్దుకున్నారు. పేరు పెట్టి రాస్తే పొరపాటు ఒక్కటే నలుగురి నోళ్లలో మిగులుతుంది. ఇక నన్నే ఎందుకు అడుగుతున్నారంటే, నేను మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో 31 ఏళ్లు గుమాస్తాగా పనిచేసి రెండేళ్ల కిందట ఇల్లు చేరినవాణ్ణి. చిట్టాలు రాసిన చేత్తోనే రోజూ బియ్యం నమూనాలు పట్టి చూసి, తేమ ఎంత, నూక ఎంత అని రాసుకున్నవాణ్ణి. అన్నం విషయంలో నా మాటకు మా కాలనీలో కాస్త విలువుంది, మిగతా వంటల విషయంలో లేదు.

చైనీస్ తిండి మాకు బొత్తిగా కొత్తదేమీ కాదు. పొద్దుగూకితే క్లాక్ టవర్ చుట్టుపక్కల వెలిగే ఫాస్ట్ ఫుడ్ బండ్ల దగ్గర ఎగ్ ఫ్రైడ్ రైస్, నూడుల్స్ తినని పిల్లలు ఈ ఊళ్లో ఉండరు. మా కొడుకు ఇంటర్ చదివే రోజుల్లో ట్యూషన్ నుంచి వస్తూ అక్కడ తిని, ఇంటికొచ్చి ఆకలి లేదనేవాడు. అంగీ మీది సోయా సాస్ మరకే వాణ్ణి పట్టించేది. అయితే బండి పక్కన నిలబడి తినడం వేరు, ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చుని సూప్‌తో మొదలుపెట్టి వరుసగా తెప్పించుకోవడం వేరు. ఆ రెండోది మాకు అదే మొదలు.

ఆదివారం రాత్రి ఏడున్నరకు ఆరుగురం బయలుదేరాం. నేను, నా భార్య, కొడుకు, కోడలు, నాలుగో తరగతి చదివే మనవరాలు, 82 ఏళ్ల మా అమ్మ. అమ్మను ఒంటరిగా వదల్లేక తీసుకెళ్లాం గాని ఆమెకు రావాలని లేదు. పై పళ్లు మొత్తం, కింది పళ్లు సగం పోయిన మనిషి. రాత్రిపూట పాలలో నానేసిన జొన్నరొట్టె తప్ప మరొకటి ముట్టదు. "నాకేం తెలుస్తది బిడ్డా గా తిండి, నేను ఉత్తగ కూసుంట, మీరు తినుండ్రి" అని ముందే చెప్పి, కొంగున నాలుగు బిస్కెట్లు కట్టుకుని వచ్చింది.

హోటల్ కొత్తది, రోజు ఆదివారం. ఇరవై అయిదు నిమిషాలు బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోవలసి వచ్చింది. లోపల ఎర్రటి కాగితపు లాంతర్లు, గోడ మీద బంగారు రంగు డ్రాగన్ బొమ్మ, దాని కిందే గల్లాపెట్టె దగ్గర పూలదండ వేసిన వినాయకుడి పటం, గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి ఉన్నాయి. కూర్చోగానే స్టీలు గ్లాసుల్లో నీళ్లు పెట్టారు. ఏ ఊరివాళ్లయినా ముందు మెనూ చూస్తారేమో గాని, ఫ్లోరైడ్ నీళ్లతో ఒక తరం నడుములు వంగిపోయిన జిల్లావాళ్లం మేము, ముందు నీళ్ల సంగతి అడుగుతాం. ఫిల్టర్ నీళ్లేనని చెప్పి, యంత్రం ఎక్కడుందో కూడా చూపించాడు వడ్డించే పిల్లవాడు. దేవరకొండ దిక్కు నుంచి వచ్చాడట, ఇరవై ఏళ్లుంటాయి, నన్ను అంకుల్ అనీ మా అమ్మను అవ్వా అనీ పిలుస్తూ ఆ పూట మా ఓపికనంతా తన మర్యాదతోనే నిలబెట్టాడు.

మెనూ ఎనిమిది పేజీలు. అందులో ఒకే వంటకం డ్రై, గ్రేవీ, షెజ్వాన్, హాట్ గార్లిక్ అన్న నాలుగు పేర్లతో నాలుగు చోట్ల తిరుగుతుంటుందని రెండో పేజీకే అర్థమైంది. సూప్ మూడు తెప్పించి వన్ బై టూ చేయమన్నాం. దానితోపాటు గోబీ మంచూరియా, చిల్లీ చికెన్, చికెన్ హక్కా నూడుల్స్, ఒక వెజ్ ఫ్రైడ్ రైస్, ఒక చికెన్ ఫ్రైడ్ రైస్ చెప్పాం. నా భార్య అజినమోటో వేయొద్దని గట్టిగా చెప్పింది. "మా దగ్గర అసలే వాడం ఆంటీ" అంటూ ఆ పిల్లవాడు గోడమీది బోర్డు చూపించాడు. ఆ బోర్డు సంగతి తర్వాత చెబుతాను.

హాట్ అండ్ సోర్ సూప్ వేడివేడిగా వచ్చింది. సన్నగా తరిగిన క్యారెట్, క్యాబేజీ, పుట్టగొడుగుల ముక్కలు చిక్కటి గోధుమరంగు రసంలో తేలుతున్నాయి. చైనాలో ఈ సూప్‌కు కారం మిరియాలవల్ల, పులుపు వెనిగర్ వల్ల వస్తుంది. ఇక్కడ మిరియాలకు తోడు పచ్చిమిర్చి కూడా దంచి వేశారు. మా అమ్మ ఒక చెంచా నోట్లో పోసుకుని, "మిరియాల చారే గదరా, గంజి కలిపిండ్రు" అన్నది. చిక్కదనం మొక్కజొన్న పిండి వల్ల వచ్చిందని మా కోడలు చెప్పింది గాని, అమ్మ అన్నదాంట్లోనూ తప్పేమీ కనిపించలేదు. కొంగులోని బిస్కెట్లు ముడి విప్పకుండానే ఆమె వంతు సూప్ అయిపోయింది.

గోబీ మంచూరియా బాగుంది. పువ్వు ముక్కలు పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉన్నాయి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన రాలేదు. తింటూ తింటూ మా మనవరాలు, "తాతా, మంచూరియా చైనాలో ఏ ఊళ్లో చేస్తరు?" అని అడిగింది. అప్పుడు నాకు జవాబు తెలియక ఇంటికెళ్లాక చదివి మర్నాడు చెప్పాను. మంచూరియా అనేది చైనాకు ఈశాన్యాన ఉన్న ఒక ప్రాంతం పేరు, ఈ వంటకానికి ఆ ప్రాంతంతో ఏ సంబంధమూ లేదు. కోల్‌కతాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనా సంతతి వంటవాడు 1975లో ముంబయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో, కొత్తగా ఏదైనా చేసిపెట్టమని అడిగినవాళ్ల కోసం, మనవాళ్లు కూరకు వాడే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలాకు బదులు సోయా సాసూ మొక్కజొన్న పిండీ చేర్చి చికెన్ మంచూరియాను పుట్టించాడని చెప్పుకుంటారు. చికెన్ స్థానంలో గోబీ ఆ తర్వాత వచ్చింది. అంటే మా మనవరాలు తిన్న వంటకం వయసు వాళ్ల నాన్నమ్మ వయసుకన్నా తక్కువ.

హక్కా నూడుల్స్ కూడా అంతే. హక్కా అనేది ఒక రకం నూడుల్ పేరని నేను అనుకుంటూ వచ్చాను, అది ఒక జనసమూహం పేరు. చైనాలో ఒకచోటి నుంచి మరొకచోటికి వలస వెళ్తూ దక్షిణాదిన స్థిరపడ్డ వాళ్లను అక్కడివాళ్లు అతిథి కుటుంబాలు అన్న అర్థంలో హక్కాలని పిలిచారు. వాళ్లలో కొందరు కోల్‌కతా చేరి, టాంగ్రాలో తోళ్ల కార్ఖానాలు పెట్టి, వాటి పక్కనే హోటళ్లు తెరిచారు. మన దేశంలో చైనీస్ తిండి అని మనం అంటున్నదంతా చాలావరకు ఆ వాడల్లో, మన నాలుకలకు తగ్గట్టు మారుతూ వచ్చిందే. అంతకన్నా ముందే, 18వ శతాబ్దం చివర్లో, హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టిన అచ్యూ అనే చైనీయుడి పేరు మీద అచీపూర్ అన్న ఊరు ఇప్పటికీ ఉంది. మిల్లు మనిషిని కాబట్టి ఈ ముక్క నాకు బాగా నచ్చింది, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాను.

ఇక అసలు విషయం ఫ్రైడ్ రైస్. ప్లేటు బల్ల మీద పెట్టగానే నాకు తేడా కనిపించింది. అన్నం గుట్టగా నిలబడింది. చెంచాతో పక్కకు తోస్తే గింజలు జారాల్సింది పోయి గుట్ట మొత్తం కదిలింది. ఒక ముద్ద విడదీసి చూశాను. పైన సోయా సాస్ రంగు పట్టింది, లోపల అన్నం తెల్లగా ఉంది. నాలుగైదు గింజలు ఒకదానికొకటి అతుక్కుని వాటి మధ్య క్యాబేజీ ముక్క ఇరుక్కుపోయింది. గింజను వేళ్లతో నలిపితే పిండిలా మెదిగింది. ఇది కొత్త బియ్యం, అదీ వేడివేడి అన్నం దింపీ దింపగానే కడాయిలో వేశారు అని నాకు అనుమానం లేకుండా తెలిసిపోయింది. వానాకాలం వడ్లు కోసి నెలన్నర కాకముందే మరాడించిన బియ్యంలో గంజి ఎక్కువగా దిగుతుంది, అన్నం మెత్తబడి ముద్దవుతుంది. అందుకే మన ఇళ్లలో ఆరు నెలలు, కుదిరితే ఏడాది నిల్వ ఉన్న పాత బియ్యం కోసం చూస్తారు, దుకాణాల్లో దానికి క్వింటాలుకు ఎక్కువ ధర చెబుతారు. ఒకే వంగడం, ఒకే పొలం బియ్యమైనా పాతబడ్డాక నీళ్లు ఎక్కువ పీల్చి, గింజ బాగా సాగి, విడివిడిగా ఉడుకుతుంది.

మేనేజర్‌ను పిలిచి చెప్పాను. ఆయన ప్లేటు వంక చూడకుండానే, "సార్, ఇది ఆథెంటిక్ స్టైల్, చైనాలో ఇట్లనే ముద్దముద్దగా ఉంటది" అన్నాడు. అన్నం ముద్దగా వచ్చినందుకు నాకు కోపం రాలేదు. ముప్పై ఏళ్లు బియ్యం చూసినవాడి ముందు ఆ మాట అన్నందుకు వచ్చింది. చైనాలోనూ అన్నం తినేది ఎక్కువగా దక్షిణాది వాళ్లే, ఉత్తరాదిన గోధుమ రొట్టెలూ నూడుల్సూ ఎక్కువ. పుల్లలతో ఎత్తుకుని తినడానికి వీలుగా వాళ్లు ఉత్త అన్నాన్ని కాస్త అంటుకునేలా వండుకుంటారన్నది నిజమే. కానీ వేపుడు అన్నం సంగతి వేరు. మిగిలిపోయిన అన్నాన్ని వృథా చేయకుండా కడాయిలో తిరగేసి తినడం కోసం పుట్టిన వంట అది. దానికి చల్లారిన అన్నమే కావాలి, గింజ గింజా విడివడాలి. ఈ మాటలన్నీ ఆయనతో అనలేదు. "మార్చి ఇవ్వండి" అని మాత్రమే అన్నాను, ఆయన మార్చలేదు.

ఆ ముద్దన్నం మా బల్ల మీద ఒక్కరికే నచ్చింది. మా అమ్మ వెజ్ ఫ్రైడ్ రైస్ తన ముందుకు లాక్కుని, క్యాప్సికం ముక్కలు ఏరి అంచున పెట్టుకుంటూ, "మీకు పండ్లున్నయి గనుక మీకు నచ్చుతలేదు, నాకైతే మంచిగనే ఉన్నది" అని సగం ప్లేటు ఖాళీ చేసింది. నా కోపానికి అంతకన్నా పెద్ద దెబ్బ మరొకటి తగలలేదు.

బిల్లు దగ్గర మరో పేచీ వచ్చింది. తిన్నది 1,480 రూపాయలు. దాని మీద పది శాతం సర్వీస్ చార్జి 148 రూపాయలు వేసి, ఆ మొత్తం మీద అయిదు శాతం జీఎస్‌టీ కట్టి, 1,709 రూపాయల 40 పైసలు చేశారు. ఏసీ ఉన్నా లేకపోయినా ఇలాంటి హోటళ్లకు జీఎస్‌టీ అయిదు శాతమేనని 2017 నవంబరు నుంచి ఉన్నదే, దానికి నాకు అభ్యంతరం లేదు. సర్వీస్ చార్జి అలా కాదు. అడగకుండా బిల్లులో దాన్ని చేర్చకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇవ్వడం ఇవ్వకపోవడం తిన్నవాడి ఇష్టం. ఈ సంగతి నెమ్మదిగా చెప్పి, తీసేయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవలసి వస్తుందన్నాను. మేనేజర్ రెండు నిమిషాలు కంప్యూటర్‌లో ఏదో నొక్కి 1,554 రూపాయల కొత్త బిల్లు తెచ్చాడు. మా కోడలు ఇబ్బందిపడి బయటికి వెళ్లి నిలబడింది. వడ్డించిన పిల్లవాడి చేతిలో వంద రూపాయలు పెట్టి వచ్చాను, దానికి బిల్లుతో పనిలేదు.

ఇంటికొచ్చినా మనసు ఊరుకోలేదు. వంటవాడి చేయి మంచిదని మంచూరియా చెబుతోంది, అన్నం మాత్రం దానికి ఎదురు సాక్ష్యం చెబుతోంది. ఈ రెండింటికీ పొంతన కుదరక, తొమ్మిది రోజుల తర్వాత మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు, రద్దీ ఉండదని లెక్క వేసుకుని ఒక్కణ్ణే వెళ్లాను. మేనేజర్ లేడు. దేవరకొండ పిల్లవాడు నన్ను గుర్తుపట్టి, వంటింటికి అడ్డుగా ఉన్న గాజుపలక పక్క బల్ల చూపించాడు. ఎగ్ ఫ్రైడ్ రైస్ ఒక్కటే చెప్పి, చేసేది చూశాను.

వంటవాడు ముప్పై అయిదేళ్ల మనిషి. అతని ముందున్న పొయ్యి మన ఇంటి పొయ్యిలా కాదు, 19 కిలోల నీలిరంగు సిలిండరుకు బిగించిన పెద్ద బర్నర్. వెలిగించగానే లారీ ఇంజను స్టార్టయినట్టు హోరు వచ్చింది. పలుచటి ఇనుప కడాయి అడుగున నల్లగా కాలి మెరుస్తోంది. దాన్ని పొగ లేచేదాకా కాచి, గరిటెడు నూనె పోసి గుండ్రంగా తిప్పి, ఆ నూనె వంపేసి మళ్లీ కొద్దిగా కొత్త నూనె పోశాడు. రెండు గుడ్లు కొట్టి వేశాడో లేదో అవి పొంగాయి. అవి గట్టిపడకముందే అన్నం పడింది. ఎడమచేత్తో కడాయిని ముందుకు తోసి వెనక్కు లాగుతుంటే అన్నం గాల్లోకి లేచి, మంట మీదుగా తిరిగి కడాయిలోనే పడుతోంది. సోయా సాస్‌ను అన్నం మీద పోయలేదు, కడాయి అంచు వెంట పోశాడు. అది అన్నాన్ని చేరేలోపే చుయ్యిమని కాలి పొగైంది. ఉల్లికాడలు చల్లి దింపేదాకా రెండున్నర నిమిషాలు కూడా పట్టలేదు. మండే ఇనుము నుంచి అన్నానికి పట్టే ఆ కమ్మటి పొగ వాసనను చైనాలోని కాంటన్ ప్రాంతంవాళ్లు వోక్ హే అంటారట, అంటే కడాయి ఊపిరి. ఇంట్లో ఎంత చేసినా ఆ వాసన ఎందుకు రాదో ఆ మంట చూశాక మరెవరూ చెప్పనక్కర్లేదు.

ఈసారి ఫ్రైడ్ రైస్ మొన్నటికన్నా చాలా నయం. గింజలు విడివడ్డాయి, అయినా మెత్తదనం మిగిలింది. తిన్నాక లోపలికి రావచ్చునా అని అడిగితే వంటవాడు చేయి తుడుచుకుంటూ రమ్మన్నాడు. పశ్చిమ బెంగాల్ కొండల్లోని కాలింపాంగ్ దగ్గరి పల్లె అతనిది, ఇంట్లో మాట్లాడేది నేపాలీ. పదహారో ఏట టాంగ్రాలోని ఒక హోటల్లో గిన్నెలు కడగడానికి చేరి, రెండేళ్లకు గరిటె పట్టుకున్నాడట. అక్కడి ముసలి యజమాని చిన్నతనంలో, 1962 యుద్ధం తర్వాత, తల్లిదండ్రులతోపాటు రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో ఉండి వచ్చిన మనిషనీ, ఆయన అన్నం మెతుకు నేలపాలైతే ఊరుకునేవాడు కాదనీ చెప్పాడు. చైనా ముఖం ఉన్నందుకు మన దేశం సుమారు మూడువేల మందిని అక్కడ నిర్బంధించిన సంగతి నేను ఎక్కడో చదివి మరిచిపోయాను. ఈ ఊళ్లో, ఉల్లిపాయల బస్తా పక్కన నిలబడి, మళ్లీ వినవలసి వచ్చింది.

నిజం చెప్పాలంటే అతనికి అన్నం గురించి పాఠం చెబుదామనే నేను లోపలికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే అతను హిందీలో, "ఆదివారం మీకు పెట్టింది ఫ్రైడ్ రైస్ కాదు సాబ్, నాకు తెలుసు" అన్నాడు. పొద్దున వండి ఆరబెట్టిన అన్నం ఏడు గంటలకే అయిపోయిందట. ఆర్డర్లు ఆగకపోవడంతో మేనేజర్ తొందరపెడితే, కుక్కర్‌లోంచి దింపిన వేడి అన్నమే వేయవలసి వచ్చిందట. ఉడికిన అన్నం చల్లారినప్పుడు అందులోని పిండి మళ్లీ బిగుసుకుని గింజ గట్టిపడుతుంది, అందుకే చల్లటి అన్నం మంట మీద విడివిడిగా ఎగురుతుంది. అలాగని వండిన అన్నాన్ని పూటంతా బయట వదిలేయకూడదు. ఉడికినా చావని ఒక రకం సూక్ష్మజీవి బీజాలు గోరువెచ్చటి అన్నంలో పెరిగి వాంతులు తెప్పిస్తాయి, ఆ జబ్బుకు ఫ్రైడ్ రైస్ పేరే పెట్టి పిలుస్తారు. అందుకని వెడల్పాటి పళ్లేల్లో పలుచగా పరిచి, ఫ్యాన్ కింద ఆవిరి పోగొట్టి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇదంతా అతనికి నాకన్నా బాగా తెలుసు. లేనిది ఫ్రిజ్‌లో చోటు మాత్రమే.

నాకు తెలిసి అతనికి తెలియనిది ఒక్కటే మిగిలింది, బియ్యం. మూలన ఉన్న బస్తాలోంచి గుప్పెడు తీసి చూశాను. గింజ తెల్లగా, నున్నగా, పాలరంగులో ఉంది. పంటి కింద పెడితే కటుక్కుమనలేదు, మెత్తగా నలిగింది. బస్తా మీద పాత సోనా అని అచ్చు వేసి ఉన్నా అది కొత్త బీపీటీయే. 1986లో బాపట్లలో విడుదలైన బీపీటీ 5204 రకాన్నే మనం సాంబ మసూరి అనీ, దుకాణాల్లో సోనా మసూరి అనీ పిలుస్తున్నాం. దాన్ని నా కళ్లు ఇట్టే పోల్చుకుంటాయి. కాలింపాంగ్ మనిషికి సంచి మీది అక్షరాలే ఆధారం, బేరం చేసేది మేనేజర్. అరచేతిలో రుద్దినప్పుడు తవుడు పొడి ఎక్కువగా అంటితే కొత్తదని, పాత గింజలో లేత పసుపు ఛాయ ఉంటుందని, పాత బియ్యానికి నీళ్లు కాస్త ఎక్కువ పోయాలని చూపించాను. ఏడాది నిల్వ ఉన్న బియ్యం దొరికే దుకాణం ఒకటి చెప్పి వచ్చాను. అక్కడ కిలోకు ఎనిమిది రూపాయలు ఎక్కువవుతుంది, మేనేజర్ ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు.

అదే గదిలో అజినమోటో సంగతి కూడా తేలింది. తెల్ల పొడి డబ్బా ఎక్కడా లేదు, ఆ మేరకు బోర్డు నిజమే. కానీ చిల్లీ సాస్ సీసా వెనక్కి తిప్పి చదివితే, చిన్న అక్షరాల్లో రుచి పెంచే పదార్థం 621 అని ఉంది. 621 అంటే మోనోసోడియం గ్లుటమేట్, అంటే అజినమోటోయే. జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో సముద్రపు నాచు నుంచి ఆ రుచిని వేరుచేశాడు, మరుసటి ఏడాది నుంచి అది ఆ పేరుతో అమ్ముడవుతోంది. పండిన టమాటాలో కూడా గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది. దాన్ని విషంగా నేను చూడను, నా భార్య చూస్తుంది, అది ఆమె ఇష్టం. వాడం అని గోడ మీద రాసి సీసాలో పోయడమే నాకు నచ్చలేదు. ఈ మాట వంటవాడితో అంటే, బోర్డు తాను రాయలేదన్నాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మరో ఎనిమిది రోజులకు బుధవారం మధ్యాహ్నం మూడోసారి వెళ్లాను, ఈసారి అమ్మా నేనూ మాత్రమే. ఆ పూట ఇంట్లో అందరూ నార్కట్‌పల్లిలో పెళ్లికి వెళ్లారు. అమ్మే అడిగింది, "గా మిరియాల చారు తాగొద్దాం పా" అని. సూప్ ఒకటి వన్ బై టూ చెప్పి, వెజ్ ఫ్రైడ్ రైస్ ఒకటి తెప్పించాను. ప్లేటు వస్తుండగానే గింజలు అంచుల నుంచి జారుతున్నాయి. బియ్యం మార్చారు. ఒక్కో గింజా పొడవుగా సాగి, సన్నటి నూనె మెరుపుతో, దేనికది విడిగా ఉంది. క్యారెట్ పచ్చిగా లేదు, మెత్తబడనూ లేదు. నేను మాట్లాడకుండా సగం తిన్నాను.

అమ్మ రెండు ముద్దలు నమిలి ఆగింది. చిన్నప్పుడు పొలానికి వెళ్లేముందు మా నాన్న కోసం ఆమె చేసేది నాకు బాగా గుర్తుంది: రాత్రి మిగిలిన సద్దన్నాన్ని చేత్తో పొడిపొడిగా విడదీసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు వేసి పోపు పెట్టేది, వేడన్నానికి పోపు వేస్తే సంగటి అయిపోతుందని తిట్టేది. ఇప్పుడు అదే ముఖం పెట్టి ప్లేటు వంక చూసి, "సద్దన్నం పోపే గదరా. పసుపు మరిచిండ్రు" అన్నది. ఆ తర్వాత పక్క దవడ చూపిస్తూ, మొన్నటిదే తనకు బాగుండెననీ, ఇది పలుకులుగా ఉందనీ, ఇంత పెరుగు దొరికితే కలుపుకుంటాననీ అన్నది.

చైనీస్ హోటల్లో పెరుగు అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అమ్మే పిల్లవాణ్ణి పిలిచి అడిగింది. "మెనూల లేదవ్వా" అన్నాడు వాడు. లోపలికి వెళ్లి, పనివాళ్లు మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న గిన్నెలోంచి ఒక చిన్న స్టీలు గిన్నెడు పెరుగు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అమ్మ సోయా సాస్ అన్నంలో పెరుగు కలుపుకుని, క్యాప్సికం ముక్కలు మళ్లీ అంచుకు ఏరిపెట్టి, నెమ్మదిగా తినసాగింది. గాజుపలక అవతల నుంచి వంటవాడు గరిటె పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. బిల్లు 336 రూపాయలు, సర్వీస్ చార్జి లేదు, పెరుగు లేదు.